నురుగు మేస్త్రీ – పదకొండో భాగం: మూడు నీళ్ళ దుంపలు

పోయినవారం సంచిక ఎవరింట్లోనైనా చేపలు చుట్టడానికి వెళ్ళిపోయి ఉంటే, వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

మా వాంద్రెకూర్ గనిలో బొగ్గు కడిగే వాషరీలో నురుగు చచ్చిపోయింది. పోయిన గురువారం సాయంత్రం చచ్చింది, ఇవాళ బుధవారం, ఇంకా లేవలేదు. కొత్త ఇంజనీరు లార్మినా పారిస్ నుంచి వచ్చి మూడు నెలలే అయినా ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నవాడిలా మాట్లాడతాడు. తప్పంతా మేస్త్రీ ఫుల్జాన్స్ కార్లియేదే అని తేల్చేశాడు. "మేస్త్రీ, మీ ముక్కుకు వయసైపోయింది" అని నురుగు షెడ్డులో పదకొండు మంది పనివాళ్ళ ముందు అన్నాడు. కథ అక్కడ ఆగింది.

రేపు పొద్దున ఎనిమిదింటికి పెద్దాఫీసు నుంచి ముగ్గురు పెద్దమనుషులు పరీక్షకు వస్తున్నారు. వాళ్ళ కళ్ళముందు నురుగు లేవాలి, ఆ నురుగులో వచ్చిన బొగ్గులో బూడిద నూటికి పది దాటకూడదు. దాటిందా, షెడ్డుకు తాళం. సన్నబొగ్గంతా బురదతో కలిసి చెరువులోకి పోతుంది, పదకొండు మందీ మళ్ళీ గనిలోకి దిగుతారు. ఇరవై ఏడేళ్ళు తొట్ల దగ్గర నిలబడ్డ మేస్త్రీ, దీపాల గది కిటికీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు దీపాలు అందించుకోవాలి. ఆ మర్నాడే శుక్రవారం, గనివాళ్ళ తల్లి సెయింట్ బార్బ్ పండగ. ఊరేగింపు, బ్యాండు, తొమ్మిది వందల మందికి విందు.

ఇక నేను. బ్రోన్యా షిమ్‌కోవియాక్. వాషరీ ల్యాబులో బొగ్గు కాల్చి, మిగిలిన బూడిద తూచి, అంకె రాసిచ్చే మనిషిని. మా నాన్న పోయాక, పోలండు వాళ్ళ పిల్లకు ల్యాబులో ఏం పనని అందరూ మూతి విరిస్తే, "దానికి లెక్క వచ్చు, మీకు రాదు" అని నన్ను తీసుకొచ్చి తక్కెడ ముందు కూర్చోబెట్టింది ఫుల్జాన్స్ మేస్త్రీయే. అందుకని ఈ కథలో నేనెవరి పక్షమో దాచిపెట్టను.

నురుగు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క. గుప్పెడంత బొగ్గు ముక్కల్ని నీళ్ళలో కడిగి రాయి వేరుచేయడం ఎవరైనా చేస్తారు. చిక్కంతా పొడిలా నలిగిన సన్నబొగ్గుతోనే. దాన్నీ రాయిపొడినీ చేత్తో విడదీయలేం, జల్లెడతోనూ విడదీయలేం. అయితే బొగ్గుకు నీళ్ళంటే గిట్టదు, నూనె అంటే ప్రాణం. రాయిపొడి హాయిగా తడిసి మునిగిపోతుంది. తొట్లో కాస్త నూనె కలిపి కింద నుంచి గాలి కొడితే, బొగ్గు రవ్వలు గాలిబుడగల్ని కరుచుకుని పైకొస్తాయి. నల్లటి నురుగు మీగడలా కడుతుంది, తెడ్లు దాన్ని గీకి పక్కకు తోస్తాయి. ఆ బుడగ పగలకుండా నిలవాలంటే దేవదారు నూనె కొన్ని చుక్కలు పడాలి. ఎన్ని చుక్కలన్నది మేస్త్రీ ముక్కు చెబుతుంది. తొట్టి మీద వంగి ఒకసారి పీల్చి, కుళాయిని పావు మలుపు ఇటో అటో తిప్పుతాడు. ఇన్నేళ్ళుగా ఆయన ముక్కు చెప్పిందీ ల్యాబు తక్కెడ చెప్పిందీ ఒకటే.

ఇప్పుడు బుడగలు వస్తున్నాయి కానీ తెల్లగా, ఖాళీగా వస్తున్నాయి. బొగ్గు రాయితో చేతులు కలిపి అడుక్కి పోతోంది.

బుధవారం పదిన్నరకు మేస్త్రీ ల్యాబులోకి వచ్చి, గుమ్మంలో ఆగి, మనిషి మొత్తంగా నావైపు తిరిగాడు. మెడ తిరగక. గని బ్యాండులో ఆయన పెద్ద బాకా వాయిస్తాడు. పండగకు బ్యాండు వాళ్ళంతా గంజి పెట్టిన నిలువు కాలర్లు తొడుక్కుంటారు. కొత్త కాలరు మెడకు అలవాటు కావాలని ఆయన రెండు రోజుల ముందు నుంచే పెట్టుకు తిరుగుతాడు. ఆ రెండు రోజులూ పైకి చూడలేడు, కిందికి చూడలేడు, పలకరిస్తే ఒళ్ళంతా తిప్పుతాడు.

ఏటా ఆ కాలర్లకు గంజి పెట్టేది ఆయన భార్య లియోకాదీ అత్త. ఈసారి క్యాంటీన్‌లో విందు వంటంతా ఆవిడ నెత్తిన పడటంతో ఆ పని నాకొచ్చింది. ముప్ఫై ఎనిమిది కాలర్లు, ముప్ఫై ఎనిమిది చొక్కాలు. మొదటి వాయి ఉండలు కట్టిన మాట నిజమే. అది పారబోసి మళ్ళీ కాచాను. రోజుకు ఆరేడు చొప్పున ల్యాబులోనే పెట్టి, బూడిద కొలిమి పక్కన తీగ కట్టి ఆరేస్తున్నాను. ఆ వేడికి అవి రేకులా బిగుస్తాయి. లియోకాదీ అత్త చేతిలో కూడా ఇంత బిగువు రాలేదని బ్యాండు మాస్టరే ఒప్పుకున్నాడు. ఇది గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

మేస్త్రీ జేబులోంచి చిన్న సీసా తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏమిటిది అమ్మాయ్?"

"దేవదారు నూనె."

"ఎంత కలిపాను నీళ్ళలో?"

"నాకేం తెలుసు మేస్త్రీ. వాసనొస్తోంది, అంతే."

"అదే. నాక్కూడా వాసనొస్తోంది, అంతే." సీసా మూత పెట్టి, స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. "ఆరు రోజులుగా చుక్క పెంచి చూశాను, తగ్గించి చూశాను. ముక్కు బాగుంది అంటుంది, తొట్టి బాగాలేదు అంటుంది. రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతోంది. తొట్టికి అబద్ధం చెప్పాల్సిన పనేముంది."

"ఆ పారిసు పిల్లాడి మాట పట్టించుకుంటున్నారా?"

"వాడి మాట నిజమేమోనని భయమేస్తోంది. ఇంట్లో చెప్పలేదు. దానికి చెబితే తట్టుకోలేదు."

లియోకాదీ అత్త తట్టుకోలేనిది ఈ లోకంలో ఏదైనా ఉందని నేను అప్పటిదాకా వినలేదు. కానీ ఆయన వేళాకోళానికి అనలేదు. ఏదో ఒకటి చేయాలి, ఏం చేయాలో తెలియదు. అలాంటప్పుడు నేను చేసే పని ఒకటే, ఖాళీ సీసా తీసుకుని నీళ్ళు పట్టుకురావడానికి పోతాను.

వాషరీ నీళ్ళు గుండ్రంగా తిరుగుతుంటాయి. వాడిన నీళ్ళు తేట తొట్టికి పోయి, బురద దిగాక మళ్ళీ నురుగు తొట్లకు వస్తాయి. లార్మినా వచ్చీరాగానే నీళ్ళ పొదుపు మొదలెట్టాడు. ఒక్క చుక్క కూడా కాలువ పాలు కాకూడదని ఆవరణలో ఉన్న తూములన్నీ, క్యాంటీన్‌దీ, ల్యాబుదీ, వర్కుషాపుదీ, ఆ తేట తొట్టికే కలిపించాడు. పాత దారుల్ని సిమెంటు పెట్టి మూయించాడు కూడా. ఆ సంగతి గోడకు కాగితం అంటించి మరీ చెప్పాడు.

తేట తొట్టి దగ్గర వంగి సీసా ముంచబోతుంటే, క్యాంటీన్ వైపు గొట్టంలోంచి పాలలాంటి నీళ్ళు పడుతున్నాయి. అరచేత్తో పట్టి వాసన చూశాను. పచ్చి బంగాళాదుంప.

నా ల్యాబు అలమరలో బెల్జియం వాళ్ళు అచ్చేసిన లావుపాటి పుస్తకం ఒకటుంది. దాని మీద కాఫీ కెటిలు పెట్టుకుంటాం. కెటిలు కాగే లోపల తోచక నేను అప్పుడప్పుడూ ఆ పుస్తకం తిప్పుతుంటాను. అందులో ఒక వాక్యం ఉన్నట్టుండి నా కళ్ళముందుకొచ్చింది. పిండి కలిసిన నీళ్ళలో బొగ్గు రవ్వకు పిండిపొర పడుతుంది, అప్పటి నుంచి దానికి నీళ్ళంటే పడనితనం పోతుంది, బుడగ పిలిచినా పోదు.

సీసా ముంచుకుని ల్యాబులోకి పరిగెత్తుకొచ్చి చిన్న పరీక్ష తొట్టి నడిపాను. కుళాయి నీళ్ళతో ఒకసారి, తేట తొట్టి నీళ్ళతో ఒకసారి, నూనె చుక్కలు రెండింటికీ సమానం. మొదటి దాంట్లో నల్లటి మీగడ లేచింది. రెండో దాంట్లో తెల్ల బుడగలు లేచాయి, షెడ్డులో లేస్తున్నట్టే. మేస్త్రీ స్టూలు దిగి, కాలరు అడ్డొచ్చి వంగలేక మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. నేను ప్రథమ చికిత్స పెట్టెలోంచి టింక్చర్ అయోడిన్ తెచ్చి, తేట తొట్టి నీళ్ళలో ఒక్క చుక్క వేశాను. పిండి ఉంటే అయోడిన్ నీలంగా మారుతుందని బడి పిల్లలకు కూడా తెలుసు. సీసా మొత్తం సిరాబుడ్డిలా అయింది.

"మేస్త్రీ, మీ ముక్కు బంగారం. నూనె సరిపోయింది, మీరు కలిపింది సరిపోయింది. నీళ్ళలో పిండి ఉంది."

ఆయన ఆ నీలాన్ని చూశాడు. కళ్ళు తుడుచుకుని, బొగ్గు పడిందన్నాడు.

"పిండి ఎక్కణ్ణుంచొచ్చింది?"

"మీ ఇంటావిడ తొట్లోంచి."

ఆయన మొహంలో సంతోషం అలాగే ఉంది కానీ, దాని కింద నుంచి ఎవరో కుర్చీ లాగేసినట్టయింది.

ఆవరణ దాటుతుంటే అందరూ పని ఆపి చూశారు. ముందు మేస్త్రీ, జెండా కర్రలా. వెనక నేను, ఒక చేతిలో నీలం సీసా, ఒక చేతిలో అయోడిన్. ఆఫీసు కిటికీలోంచి లార్మినా చూశాడని తరవాత తెలిసింది.

క్యాంటీన్‌లో పన్నెండు మంది ఆడవాళ్ళు బల్లల చుట్టూ కూర్చుని దుంపలు కోస్తున్నారు. విందులో ఎండు ప్లములు వేసిన కుందేలు కూర, దాని పక్కన దుంప వేపుడు. పన్నెండు వందల కిలోల దుంపలు. గోడ వారగా మూడు వరసల్లో తొట్లు, కోసిన ముక్కలు మొదటి నీళ్ళలోంచి రెండో నీళ్ళకూ, రెండో నీళ్ళలోంచి మూడో నీళ్ళకూ మారుతున్నాయి. మధ్యలో లియోకాదీ అత్త, మోచేతుల దాకా తడి, నడుముకు గోనెపట్టా. మొగుణ్ణి చూసి కత్తి ఆపలేదు.

"ఏమయ్యా, అలా నిలబడ్డావు? మెడ పట్టేసిందా, ఎవరైనా మేకు కొట్టారా?"

ఆడవాళ్ళంతా నవ్వారు.

"నీతో మాట్లాడాలి. ఒకసారి బయటికి రా."

"చేతులు తడిగా ఉన్నాయి. ఇక్కడే చెప్పు. ఇక్కడ పరాయివాళ్ళెవరున్నారు."

మేస్త్రీ ఒళ్ళంతా నావైపు తిప్పాడు. చెప్పమని. నేను చెప్పాను. గొట్టం, పాలనీళ్ళు, పరీక్ష తొట్టి, నీలం సీసా. చెబుతున్నకొద్దీ బల్లల చుట్టూ కత్తులు ఒక్కొక్కటే ఆగాయి. అత్త సీసాను వెలుతురుకు పెట్టి చూసింది.

"అంటే నా దుంపలు కడిగిన నీళ్ళు మీ బొగ్గును ముంచేస్తున్నాయంటావు."

"నేనట్లేదత్తా, అయోడిన్ అంటోంది."

"దానికి నోరు కూడా ఉందన్నమాట." సీసా బల్ల మీద పెట్టింది. "సరే. ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "రేపు మధ్యాహ్నం దాకా దుంపలు కడగడం ఆపెయ్యి."

అత్త ఒక అడుగు ముందుకేసింది.

"ఏమన్నావు?"

"ఆ తరవాత అన్నీ కడగడానికి పొద్దు చాలకపోతే, కడక్కుండా వేయించండి. ఈ ఒక్కసారికి."

"బ్రోన్యా, నువ్వు సాక్షివి. మీరందరూ సాక్షులు." అత్త చేతులు గోనెపట్టాకు తుడుచుకుంది. ఆవిడ చేతులు తుడుచుకుందంటే మాట పొడుగవుతుందని అర్థం. "మా పెళ్ళైన మూడో ఆదివారం ఈయనకు దుంప వేపుడు పెట్టాను. ఒక ముక్క నోట్లో వేసుకుని కంచం పక్కకు నెట్టాడు. ఎందుకయ్యా అంటే, అతుక్కుంటున్నాయట. మా అమ్మ మూడు నీళ్ళు పోస్తుంది అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళు మూడు నీళ్ళు పోశాను. చలికి చేతులు పగిలి నెత్తురొచ్చినా పోశాను. యుద్ధంలో దుంపలు లేక పశువులకేసే టర్నిప్పులు తెస్తే, వాటిక్కూడా మూడు నీళ్ళు పొయ్యమన్నాడు. పండగ పండగకీ ఈ గదిలోకి వచ్చి, మూడో తొట్లో వేలు పెట్టి, ఇంకా తెల్లగా ఉన్నాయి, నాలుగోది పొయ్యి అనేవాడు. ఇవాళ తొమ్మిది వందల మందికి కడగని దుంపలు పెట్టమంటున్నాడు. అతుక్కున్న వేపుడు తిని జనం ఎవరిని అంటారు, ఈయన నురుగునా? లియోకాదీని అంటారు."

"నా షెడ్డు పోతుందే," అన్నాడు మేస్త్రీ. గట్టిగా అనలేదు.

"షెడ్డెందుకు పోతుంది? నురుగు రాకపోతే పిండి వల్ల రాలేదని చెప్పు."

"నా మాట ఎవరు వింటారు. నా ముక్కు..." అని ఆగిపోయాడు.

"నీ ముక్కుకేమైంది?"

ఆవిడ నావైపు చూసింది. చెప్పకూడదనే అనుకున్నాను, కానీ అత్త చూపు ముందు అబద్ధం నిలవదు. ఇంజనీరు అందరి ముందూ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

అత్త మొహం ఎర్రబడింది. మొగుడి మీద కోపం ఒక్కసారిగా ఇంకోవైపు తిరిగింది. "ఆరు రోజులుగా ఇది నా దగ్గర దాచావా?" అని మేస్త్రీని అడిగింది, "వాడెక్కడున్నాడు?" అని నన్నడిగింది.

"ఇక్కడే ఉన్నానండీ" అన్నాడు లార్మినా గుమ్మంలోంచి. నోటుబుక్కు చేతిలో ఉంది. "ఆవరణలో ఏదో ఊరేగింపు కనబడితే వచ్చాను. ఏం జరుగుతోందిక్కడ?"

"రండయ్యా, మంచి సమయానికొచ్చారు. ఈ తూము నీళ్ళు ఇదివరకు ఎక్కడికి పోయేవి?"

"కాలువలోకి."

"ఎవరు మళ్ళించారు?"

"నీటి పొదుపు పథకం కింద..."

"ఎవరని అడిగాను."

"నేనే."

"రాసుకోండి."

పాపం, నిజంగానే రాసుకున్నాడు. రాశాక నేను నీలం సీసా చూపించాను. చదువుకున్నవాడే, రెండోసారి చెప్పాల్సిన పనిలేకపోయింది. చెవుల దాకా ఎర్రబడి, పాత దారి సిమెంటు పగలగొట్టాలంటే రెండు రోజులు పడుతుందన్నాడు. అయినా మేస్త్రీ ముక్కుతో నూనె కలపడం పద్ధతి కాదని, ముక్కు తప్పులేదని ఇంకా రుజువు కాలేదని గొణిగాడు.

"రుజువు కావాలా?" అంది అత్త. "కూర్చోండి."

మూడు తొట్లలోంచి గుప్పెడు గుప్పెడు ముక్కలు తీసి, తుడిచి, ఒకే బాణలిలో ఒకదాని తరవాత ఒకటి వేయించింది. ఎవరికీ చూపించకుండా మూడు సాసర్లలో పెట్టింది. మేస్త్రీ కాలరు వల్ల కిందికి చూడలేడు కాబట్టి కళ్ళకు గంతలు కట్టే పని తప్పింది. సాసరును ఆయన ముక్కు కిందికి తెచ్చింది. "తినొద్దు. వాసన చూసి చెప్పు."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. పదకొండు మంది ముందు పోయిన పరువు పన్నెండు మంది ఆడవాళ్ళ ముందు తిరిగొస్తుందో లేదో అని చూస్తున్నాను.

"ఇది రెండు నీళ్ళది," అన్నాడు. రెండో సాసరుకు వెంటనే, "ఇది మూడు." మూడో సాసరు దగ్గర ఆగాడు. మళ్ళీ పీల్చాడు. లార్మినా పెన్సిలు పట్టుకుని ముందుకు వంగాడు.

"ఇది ఒక్క నీళ్ళది. కానీ ఈ దుంప వేరు. మిగతావి మన గట్టు పొలాల దుంపలు. ఇది ఇసక నేలది. లారీలో రెండు రకాలు కలిపి పంపారు, నిన్ను మోసం చేశారు లియోకాదీ."

అత్త గది మూలకు వెళ్ళి, మొదటి తొట్టి పక్కనున్న గోనెసంచి పైకెత్తి, మీదున్న ముద్ర చదివింది. సముద్రం వైపు ఊరి పేరు. ఆడవాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టారు. లార్మినా నోటుబుక్కు మూసి, నిలబడి, టోపీ తీశాడు.

"మేస్త్రీ, ఆ రోజు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. రేపు ఆ పదకొండు మంది ముందూ మళ్ళీ తీసుకుంటాను."

మేస్త్రీ తల ఊపలేక చెయ్యి ఊపాడు. నేను ఈ కథ రాస్తున్నాను కాబట్టి చెప్పాలి, ఆ నిమిషంలో నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు కోస్తున్న బల్ల దగ్గరికి జరిగి నిలబడ్డాను.

తరవాత పనులు చకచకా కుదిరిపోయాయి. దుంపలు మూడు నీళ్ళే కడుగుతారు, కానీ ఆ నీళ్ళు తూములో పోయకుండా షెడ్డువాళ్ళు పదకొండు మందీ బకెట్లతో కాలువకు మోస్తారు. మొదటి బకెట్టు మేస్త్రీ మోస్తాడు, ఇది అత్త పెట్టిన షరతు. తేట తొట్టి మొత్తం ఖాళీ చేసి సాయంత్రంలోగా మంచినీళ్ళు నింపుతామని, పొదుపు సంగతి తరవాత చూసుకుందామని లార్మినా తనే అన్నాడు. రేపు ముగ్గురు పెద్దలకూ ఇచ్చే నివేదికలో కారణం కూడా రాస్తానన్నాడు. "క్యాంటీన్ తూము. పిండి. తేదీ" అంటూ పెన్సిలు నాకాడు. "ఎప్పటి నుంచి కడుగుతున్నారండీ ఈ దుంపలు?"

"నిన్న పొద్దుటి నుంచి."

పెన్సిలు ఆగింది.

"నిన్నా?"

"దుంపల లారీ వచ్చిందే నిన్న. మంగళవారం." అత్త ఇందాకటి నుంచీ ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు చేతులు మళ్ళీ తుడుచుకుంది. "నేను మాట్లాడకుండా ఊరుకున్నాను. ముందు ఈయన ముక్కు లెక్క తేలాలి కదా. ఇప్పుడు చెప్పండి, మీ నురుగు చచ్చిందెప్పుడు?"

"పోయిన గురువారం," అన్నాడు మేస్త్రీ.

గురువారం నుంచి సోమవారం దాకా ఈ ఆవరణలో ఒక్క దుంప కూడా లేదు. అయితే ఆ అయిదు రోజులూ నీళ్ళలోకి పిండి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? అది ఇంకా వస్తూనే ఉంటే, తేట తొట్టి ఎన్నిసార్లు కడిగినా రేపు ఎనిమిదింటికి తెల్ల బుడగలే లేస్తాయి. షెడ్డుకు తాళమే పడుతుంది.

నేనూ ఆలోచిస్తున్నాను. నిజంగా, మనస్ఫూర్తిగా, ఆ దొంగ ఎవరా అని ఆలోచిస్తున్నాను. వర్కుషాపు వాళ్ళేమో. వాళ్ళు దేనికైనా తగినవాళ్ళు.

"ఇంకెవరో ఉన్నారు," అంటూ అత్త, నేను బల్ల మీద పెట్టిన అయోడిన్ సీసాలోంచి డ్రాపరు తీసి, దాన్ని వేలులా ఊపడం మొదలెట్టింది. "ఈ ముక్కును ఆరు రోజులు ఏడిపించినవాళ్ళు ఎవరో తెలియాలి నాకు. పిండిని పారబోసేటంత మిగుళ్ళు ఎవరి దగ్గరున్నాయో, ఏ తూములో..."

డ్రాపరు కొసనుంచి ఒక చుక్క ఎగిరి మేస్త్రీ కాలరు మీద పడింది. చొక్కా అంచుకు, గొంతుకు సరిగ్గా మధ్యన, తెల్లటి రేకులాంటి బట్ట మీద. గోధుమరంగు చుక్క మా కళ్ళముందే నల్లబడింది. తరవాత నీలమైంది. నా చేతిలో ఉన్న సీసా రంగే, తేడా లేదు.

అత్త చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లార్మినా దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఆ చుక్కను చూశాడు.

గురువారం మధ్యాహ్నం. నాకు గడియారంతో సహా గుర్తొచ్చింది, మూడున్నర. రెండు బకెట్ల గంజి, ఉండలు కట్టింది, ఎవరూ చూడకముందే వదిలించుకోవాలని ల్యాబు సింకులో గుమ్మరించాను. ఆ తరవాత రోజుకో వాయి, మిగిలింది అందులోనే. ఇవాళ పొద్దున కూడా. ల్యాబు తూము ఎక్కడికి పోతుందో గోడమీది కాగితంలో నేనే అందరికీ చదివి వినిపించాను. దుంపల పిండి అయినా బట్టల గంజి అయినా బొగ్గుకు తేడా ఏముంటుంది? అంత లావు పుస్తకం చదివిన దాన్ని, ఆ ఒక్కటీ తోచలేదు. నన్ను చేయి పట్టుకుని తక్కెడ ముందు కూర్చోబెట్టిన మనిషి తన ముక్కునే నమ్మలేక నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంటే, ఆయన వెనకే తీగ మీద మిగతా కాలర్లు ఆరుతున్నాయి.

"ఈ కాలరుకు," అన్నాడు లార్మినా, నోటుబుక్కు మళ్ళీ తెరుస్తూ, "గంజి పెట్టిందెవరండీ?"

అత్త నావైపు చూసింది. పన్నెండు మంది ఆడవాళ్ళూ చూశారు. మేస్త్రీ మాత్రం వెంటనే చూడలేదు, ఆయన మెడ తిరగదు. పాదాలు ఒక్కొక్కటే జరుపుకుంటూ, మెల్లగా, ఒళ్ళంతా నావైపు తిరగడం మొదలెట్టాడు.